గట్టు మీద అక్క, లాంచీలో నేను

కార్తీక మాసం, బహుళ పక్షం, గురువారం. నీళ్లు పట్టడం అయింది. జొన్నలు చెరిగి మరకు పంపడం అయింది. బొంతలు మిద్దె మీద ఎండకు వేయడం అయింది. గేదెకు పత్తిగింజలు నానవేయడం అయింది. ఇత్తడి సామాను తోమడం కాలేదు. చింతపండు, ఇటుకపొడి దగ్గర పెట్టుకుని పెరట్లో కూర్చున్నాను. అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

వచ్చినవాడు ఎమ్మిగనూరులో ఉండే మా అక్క రెండో కొడుకు. మొదటి బస్సుకు ఆదోని వచ్చినట్టున్నాడు, తల కూడా దువ్వుకోలేదు. గడప అవతలే నిలబడి, "అమ్మ గట్టెక్కె, సిన్నమ్మా," అన్నాడు.

మా వైపు మనిషి జబ్బు నుంచి తేరుకున్నా గట్టెక్కారనే అంటాం. పడవలసిన బాధలన్నీ పడి కన్నుమూసినా ఆ మాటే అంటాం. నాకు మొదటి అర్థమే తోచింది. రొట్టె తినిందా అని అడిగాను. వాడు గడప మీద కూలబడ్డాడు. అప్పుడు తెలిసింది.

గట్టు అనే మాట మా ఇంటిని మోసం చేయడం అది రెండోసారి. మొదటిసారి మోసపోయింది అక్కే. ఆ మోసం పుణ్యాన ఆమెకు జీవితమంతా చెప్పుకోవడానికి ఒక రోజు దొరికింది. అదే రోజు నేనూ అక్కడే ఉన్నాను గానీ నాకు చెప్పుకోవడానికేమీ దొరకలేదని అందరూ అనుకున్నారు. చాలాకాలం నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఆమె మీకెవరికీ తెలియదు. నాకు తోడబుట్టినది కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. పదహారేళ్లు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఉన్నాం కాబట్టి అక్క అన్న పిలుపే నిలిచిపోయింది. పోయినవాళ్ల గురించి మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను. కానీ నాకు ఆమె మీద అసూయ ఉండేది. ఉండేది అనడం కూడా సరి కాదు. ఆమె పోయినా అది పోలేదు, ఇంట్లోనే తిరుగుతోంది.

అక్క ఏదీ కొలిచేది కాదు. ఉప్పు చేతికి వచ్చినంత, నూనె వంపినంత. వేరుశనగల పచ్చడి, అదే ఊరుబిండి, నూరితే వీధి చివర బూబమ్మ గారింటి నుంచి గిన్నె వచ్చేది. నేను గింజ గింజా లెక్క చూసి, మంట చూసి చేసిన ఊరుబిండిని ఇంట్లోవాళ్లు బాగుందని తిని చేయి కడుక్కునేవాళ్లు. గిన్నెలు వచ్చేవి కావు. ఒకసారి అడిగాను, ఏం వేస్తావక్కా అని. "లెక్క నువ్వు పెట్టుకో అమ్మీ, రుసి నాకిడ్సిపెట్టు," అంది. తమాషాకే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఆమె పాదాలు పెద్దవి. బజారుకు చెప్పులు లేకుండానే వెళ్లేది. పత్తికొండ బండ్లు వచ్చే రోజున టమోటాలు తేవడానికి వెళ్లి, సంచి సగం నింపుకుని, బోలెడు కబుర్లతో వచ్చేది. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, కోసిగి నుంచి వలస పోయినవాళ్లు ఏ ఊళ్లో ఇటుకలు చేస్తున్నారో అన్నీ ఆ సంచిలోనే ఉండేవి. నేను వెళితే టమోటాలు మాత్రమే వచ్చేవి. పుచ్చులు లేకుండా.

మా అత్తకు ఇద్దరు కోడళ్లూ ఒకటే అని ఆమె చెప్పేది. తాళంచెవులు నాకిచ్చింది. తల దువ్వించుకోవడానికి మాత్రం అక్క దగ్గర కూర్చునేది.

డెబ్బైల్లో ఒక ఏడు పత్తి మంచి ధర పలికింది. మా బావ, మా ఆయన కలిసి మండీలో పత్తి వ్యాపారం చేసేవాళ్లు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి మా అత్తకు భద్రాచలం మొక్కు గుర్తొచ్చింది. పిల్లల్ని అక్క పుట్టింట్లో వదిలి మేం ఐదుగురం బయలుదేరాం. అత్త, బావ, అక్క, మా ఆయన, నేను. రాజమండ్రి దాకా రైలు, అక్కడి నుంచి గోదావరి మీద లాంచీ.

మా ఊరివాళ్లకు నీళ్లంటే బిందెలో ఉండేవి. మంత్రాలయం దగ్గర తుంగభద్రను చూశాం గానీ, ఎండాకాలంలో అక్కడ నీళ్లకంటే బండలే ఎక్కువ. గోదావరిని చూసి మా అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క మాత్రం లాంచీ ఎక్కిన కాసేపటికే అంచున కూర్చుని కాళ్లు నీళ్లలోకి వేలాడేసింది. సామాను నాకు అప్పగించారు. మూటలు, ట్రంకుపెట్టె, చక్కిలాల డబ్బా, అత్త తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు. ఆ చెంబు లేకుండా ఆమె ఎక్కడా నీళ్లు తాగేది కాదు.

మర్నాడు పొద్దున్నే, కొండలు దగ్గరపడుతున్న చోట లాంచీ ఇసుక మేట ఎక్కి ఆగిపోయింది. ఆగినప్పుడు అదిరిన అదురుకు చెంబు దొర్లి ఇనుప కమ్మీకి కొట్టుకుని సొట్ట పడింది. లాంచీ నడిపే సరంగు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, బరువు తగ్గితేగానీ లాంచీ లేవదన్నాడు. "నడవగలిగినవాళ్లంతా గట్టెక్కి అలా ముందుకు నడుచుకుంటూ వెళ్లండి. పై రేవులో ఎక్కించుకుంటాం," అని చెప్పి ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు. ఆమె దిగలేదు. ఆమె దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. అక్క అప్పటికే చీర ఎగదోపుకుని నిలబడి ఉంది. నేనూ లేచాను. అత్త నన్ను చూసి, "సిన్నదానా, నువ్వుండు. సామాన్ల లెక్క నీకే గదా తెల్సింది," అంది.

అంతే. పదహారేళ్ల కాపురంలో నన్ను మెచ్చుకుంటూ ఆమె అన్న మాటలు తక్కువ. వాటిలో ఇదొకటి. ఆ మెప్పే నన్ను లాంచీకి కట్టేసింది.

అక్క ఒడ్డుకు వేసిన పలక మీదికి దిగుతూ వెనక్కి చూసి, "కాలెత్తినాక సామాన్లు మతికి రాగూడదు అమ్మీ," అని నవ్వింది. మా బావ, మా ఆయన ఆమె వెనకాల దిగారు.

లాంచీ నెమ్మదిగా లేచింది. ముందుకు పోయి హారన్ కొట్టారు. ఒడ్డు మీద ఇసుకలో నడిచిన జనమంతా ఎక్కారు. మావాళ్లు ముగ్గురూ రాలేదు. సరంగు మా దగ్గరికి వచ్చాడు.

"మీవాళ్లేరండీ?"

"గట్టెక్కినారు గదప్పా. నువ్వే ఎక్కమంటివి," అంది మా అత్త.

"గట్టెక్కితే ఇక్కడే ఉండాలి కదండీ."

"ఈడెట్లుంటారు? గట్టు ఆడుంటే." అత్త చెయ్యెత్తి ఆకాశం వైపు చూపించింది.

సరంగు ఆ చేయి చూపిన వైపు చూశాడు. అడవి కమ్ముకున్న కొండ. అతను తల మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "అది కొండండి. గట్టంటే ఇదండి," అని ఒడ్డు వైపు వేలు చూపించాడు.

"అది దరి," అంది మా అత్త తగ్గకుండా. "మీ ఊర్లో దరికీ గట్టుకీ తేడా తెల్దంటే మావోళ్లేం జేస్తారు?"

లాంచీలో నవ్వినవాళ్లు నవ్వారు, విసుక్కున్నవాళ్లు విసుక్కున్నారు. మా ఆదోనిలో గట్టంటే కొండే. ఊరి నెత్తి మీద కూర్చున్న బండల గుట్టల్ని పుట్టినప్పటి నుంచీ గట్టు అనే పిలిచాం. ఎక్కమంటే ఎక్కడమే మావాళ్లకు తెలుసు. ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకతను, మావాళ్లు పట్టిన దారి కొండ మీదుగా ఇంకా పైనున్న రేవుకు పోతుందని, సాయంత్రానికి దిగుతారని చెప్పాక సరంగు కాస్త కుదుటపడ్డాడు. ఇక లాంచీ కొంతదూరం పోవడం, ఆగి హారన్ కొట్టడం, మళ్లీ పోవడం.

ఆ రోజు నేను చూసింది ఇది. నది రానురాను సన్నబడింది. రెండు వైపుల కొండలూ దగ్గరికి జరిగి, ఎదురుగా తలుపు మూసేసినట్టు కలిసిపోయాయి. లాంచీ నేరుగా ఆ తలుపు మీదికే పోతోంది. నాకు గుండె దడదడలాడింది. దగ్గరికి పోయేసరికి ఆ తలుపు పక్కకు తొలగింది. లోపల నీళ్లు నల్లగా, కదలకుండా, తాళం పెట్టిన గదిలో చల్లదనంలా ఉన్నాయి. మళ్లీ ఎదురుగా ఇంకో తలుపు. మా అత్త నా ఒడిలో తలపెట్టుకుని నిద్రపోయింది. పెళ్లై వచ్చాక ఆమె తల నా ఒడిలోకి రావడం అదే మొదలు. జుట్టు ఎంత పల్చబడిందో అప్పుడు చూశాను.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె తల కింద మూట సర్ది, ఊరికే కూర్చోలేక చెంబు తీశాను. ఇసుక మేట దగ్గర అంచు నుంచి చేయి చాచి తీసి దాచుకున్న గుప్పెడు ఇసుకతో లాంచీ వెనక అంచున కూర్చుని తోమాను. అడుగు తళతళలాడే దాకా తోమి తలెత్తితే, కొండ నెత్తిన, చెట్ల మధ్య ఒక బండ మీద పసుపుపచ్చ చుక్క కనిపించింది. అక్క కట్టుకున్నది పసుపుపచ్చ ఎమ్మిగనూరు నేతచీర. చుక్కలోంచి ఒక కొస విడివడి ఊగింది. పమిట ఊపుతోంది.

అరిచినా ఇంజను చప్పుడులో వినిపించదు. నేను చెంబు అడుగును ఎండకు తిప్పాను. కొండ వైపు ఒకసారి, మళ్లీ ఒకసారి, ఇంకోసారి. అంతలో లాంచీ మలుపు తిరిగింది.

మునిమాపు వేళ ఆ రేవులో మావాళ్లు దిగివచ్చారు. మా బావ కుంటుతున్నాడు. మా ఆయన చొక్కా చిరిగింది. అక్క జడలో ఎండుటాకులు. ఆమె ముఖం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పెళ్లినాడు కూడా ఎవరి ముఖమూ అట్లా ఉండగా నేను చూడలేదు. ఆమె లాంచీ పలక మీద కాలు పెట్టకముందే చెప్పడం మొదలుపెట్టింది, ఆ చెప్పడం ఇటీవలి దాకా ఆగలేదు.

వెదుళ్లు ఒకదానికొకటి రాసుకుని ముసలివాళ్లలా మూలిగాయట. టేకు ఆకు రాలితే పెనం మీద రొట్టె పడినట్టు చప్పుడట. బావ వెనక్కి పోదామంటే, తట్టలో అడ్డాకులు మోసుకుపోతున్న కొండామె ఒకామె ఎదురై, మాట తెలియకపోయినా చేత్తో పిలిచిందట. ఆమె వెంట కొండ వెన్ను పట్టుకుని పొద్దంతా నడిచారట. ఊటనీళ్లు ఆకు దొన్నెలో పట్టి ఇచ్చిందట, బూడిదలో కాల్చిన దుంపలు పెట్టిందట. ఆ అడవి నీడ గురించి చెప్పేటప్పుడు అక్క గొంతు తగ్గించేది. "మన గట్టుకు బోడిగుండు అమ్మీ. ఆ గట్టు నెత్తిన జుట్టు సూడల్ల, దువ్వెన దిగదు."

ఆదోనికి వచ్చాక ఆ రోజు వీధి అంతటిదీ అయింది. పిల్లలు ఆమెను గట్టమ్మ అన్నారు. మధ్యాహ్నాలు పనులు ముగించుకుని ఆడవాళ్లు మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. బూబమ్మ గారు తాంబూలం డబ్బాతో సహా వచ్చి, "ఏదీ, మల్ల సెప్పు, కొండామె ఎదురైన కాణ్నించి," అనేది. లోపల నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేదాన్ని. నాకు మొత్తం కంఠతా వచ్చింది. ఎక్కడ ఆపుతుందో, ఎక్కడ గొంతు మారుస్తుందో కూడా.

అందులో రెండు చోట్ల నాకు చేతులు ఆగిపోయేవి.

ఒకటి, పాట. కొండ నెత్తిన బండ మీద అలిసి కూర్చున్నప్పుడు మా ఆయన పాట పాడాడట. "మా మరిది పాడతాంటే కోయిల నోరు మూసుకునిందమ్మా," అని అక్క చెబితే అందరూ నా వైపు చూసి నవ్వేవాళ్లు. మా ఆయన ఇంట్లో ఉప్పు కావాలన్నా వేలితో చూపించే మనిషి. నేను ఆయన పాట ఎన్నడూ వినలేదు. అడిగితే, "అదా, గట్టు మీద గదా," అని కండువా దులుపుకుని మండీకి వెళ్లిపోయాడు. ఆ గొంతు ఎలా ఉంటుందో తెలిసిన ఆడది నా ఇంట్లోనే ఉంది, అది నేను కాదు. దీన్ని ఏ లెక్కలో రాసుకోవాలో నాకు తెలియలేదు.

రెండోది, చుక్క. ఆ బండ మీది నుంచి చూస్తే చెట్ల సందున నది పీలికంత కనిపించిందట. లాంచీ ఆకుల చాటున పడిందేమో, కనిపించనే లేదట. ఎవరైనా చూస్తారేమోనని పమిట ఊపిందట. "ఎవురూ సూల్లేదు. కానీ పట్టపగలు ఏట్లో సుక్క పొడిసింది. మూడు తడవలు మెరిసి మునిగిపాయె," అనేది. వినేవాళ్లు చేతులు జోడించేవాళ్లు. రామయ్యే కనిపించినాడని ఒకరు, గంగమ్మ ముక్కెర అని ఒకరు. మా అత్త కూడా ముక్కెర మాటనే నమ్మింది.

అది నా చెంబు. చెప్పాలంటే ఒక్క మాట. గడప దాటి అరుగు మీదికి వచ్చి అంటే చాలు. నేను అనలేదు. ఆ రోజంతటిలో నాకంటూ మిగిలింది ఆ మెరుపొకటే. చెబితే అదీ ఆమె కథలోనే కలిసిపోతుంది, బూబమ్మ గారు దాన్ని కూడా అక్క నోటి నుంచే మళ్లీ చెప్పించుకుంటుంది. కట్టుకున్న చీర తప్ప పెట్టెలో మరో చీర లేనిదాన్ని ఆ ఒక్కటీ ఇచ్చేయమన్నట్టుండేది నాకు.

అత్త పోయాక ఇల్లు రెండైంది. బావ ఎమ్మిగనూరులో నేతచీరల అంగడి పెట్టుకున్నాడు. సామాను పంచుకునేటప్పుడు పెద్దకోడలిగా అక్క మొదట చెయ్యి వేసింది ఆ సొట్టచెంబు మీద. "అత్త నోరు తగిలిన సెంబు, నాకియ్యి," అంది. గంగాళం వదులుకుంది, రాగి బిందె వదులుకుంది. నేను తల ఊపి, మిగతా సామాను సర్దుకున్నాను. చుక్క కథ ఆమెది, ఆ చుక్క కూడా ఆమెదే అయింది. బండి వీధి మలుపు తిరిగే దాకా వాకిట్లో నిలబడి ఆ చెంబునే చూశాను. తనను విడిచి ఉండలేక ఏడుస్తున్నానని అనుకుని అక్కా ఏడ్చింది. అదీ కొంత నిజమే.

తర్వాతి ఏళ్లు పండగలకు, పెళ్లిళ్లకు కలిసేవాళ్లం. ఎమ్మిగనూరులోనూ ఆమెకు ఒక అరుగు, వినేవాళ్లు దొరికారు. మగ్గాల వీధి ఆడవాళ్లకు ఆ కొండ దారి మా వీధివాళ్లకంటే బాగా తెలుసు.

ఈ ఏడు వానలు పడే ముందు ఆమెకు ఒంటికి నీరు పట్టింది. కాళ్లు కంబాల్లా వాచాయి. కర్నూలు తీసుకుపోయి చూపించి తెచ్చారు. అంత నడిచిన మనిషి మంచం నుంచి గడప దాకా రావడానికి కోడలి భుజం పట్టుకునేది. నేను వారానికోసారి, తర్వాత రెండుసార్లు బస్సెక్కి వెళ్లేదాన్ని. రొట్టెలు, ఉప్పు లేని పప్పు పట్టుకుపోయేదాన్ని. ఉప్పు లేకుండా ఆమెకు ముద్ద దిగేది కాదు. "ఇప్పుడు నీ వంటా నా వంటా ఒకటాయె," అని నవ్వేది.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం ఆమె కాళ్లకు ఆముదం రాస్తున్నాను. పక్క ఇళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆమె కళ్లు మూసుకునే అడిగింది.

"అమ్మీ, ఆ పొద్దు నువ్వు లాంచీలో ఏం జేసినావు?"

ఏముంటుంది, సామాను చూసుకున్నానన్నాను.

"నా పొద్దు నీకు ఎన్నితూర్లు సెప్పినానో. నీ పొద్దు నాకు బాకీ పెట్టినావు గదే," అంది. "కొండల సందున ఏరు ఎట్లుంటాదో నేను సూల్లేదు. పైన్నే పోతిమి గదా. అందురూ దాన్ని సూసేకే పోతారంట, తెల్సునా? నువ్వు సూసినావు. మనత్త నీ ఒళ్లో పండుకునిందంట. పోయేముందర నాకు సెప్పింది, సిన్నదాని ఒడి సల్లగుండె అని. నా కడుపెంత మండిందో నీకేం తెల్సు."

ఇన్నేళ్లూ ఈ మంట నా ఒక్కదానిలోనే ఉందనుకున్నాను.

అప్పుడు చెప్పాను. నాకు ఆమెలా చెప్పడం రాదు. వరసగా చెప్పాను, ఏది ముందు ఏది తర్వాత అని. కొండల తలుపులు, నల్లనీళ్లు, అత్త పల్చని జుట్టు, గుప్పెడు ఇసుక. ఆమె కళ్లు తెరవలేదు. చెంబు దగ్గరికి వచ్చేసరికి చేతిలో మళ్లీ ఆముదం పోసుకున్నాను. ఇస్తే ఇక నా దగ్గర ఏమీ మిగలదు. ఆమె మంచం పక్కన స్టూలు మీద, మందుసీసాల మధ్య, ఆ సొట్టచెంబే ఉంది.

"ఆ చుక్క ఇదే అక్కా," అన్నాను. "నిన్ను చూసి నేనే తిప్పినా."

అక్క కళ్లు తెరిచింది. చాలాసేపు చెంబును చూసింది, తర్వాత నన్ను చూసింది. రామయ్యను, గంగమ్మను పోగొట్టానని కోపం వస్తుందేమో అనుకున్నాను.

"అయితే నువ్వు సూసినావా నన్ను," అంది. "ఇన్నేండ్లు ఎవురూ సూల్లేదనుకుంటాన్నానే. గట్టు మీద అంతసేపు సెయ్యూపితే ఒగురూ సూల్లేదని." ఆమె నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు వాచి ఉంగరం లోపలికి దిగిపోయి ఉంది. "పసుపుపచ్చ సీర గదా?"

అవునన్నాను.

"కొంగు ఇట్లనే గదా ఊపింది?" పక్క మీది దుప్పటి అంచు పట్టుకుని ఊపి చూపించింది.

అవును, అట్లాగే అన్నాను.

తర్వాత రోజు నేనింకా అక్కడే ఉండగా, మగ్గాల వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు పలకరించడానికి వచ్చారు. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టింది. వెదుళ్లు, టేకాకు, కొండామె, పాట. చుక్క పొడిచే చోటికి వచ్చి, ఆగి, గొంతు తగ్గించి, "ఆ సుక్క ఎవురనుకున్నారు? మా సెల్లెలు," అంది. వాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. చెంబు చేతికిచ్చి తిప్పించి చూపించింది. నేను వరసగా చెప్పిన కొండల తలుపులు, నల్లనీళ్లు అన్నీ ఆమె కథలోకి వచ్చేశాయి. నేను చెప్పినప్పటికంటే ఎంతో బాగున్నాయి. ఎదురుగా తలుపు మూసుకునే చోట నాకే గుండె దడదడలాడింది.

నేను భయపడినంతా జరిగింది. కడుపు మండింది. మండుతూనే, తర్వాత ఏమవుతుందో తెలియనిదానిలా నోరు తెరుచుకుని విన్నాను.

ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు. నేను వెళ్లేసరికి ముఖం మీద వాపు తీసి, పాత అక్కలా ఉంది. కర్మల పెద్దదినానికి ఆదోని నుంచి, మాధవరం నుంచి, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. పూర్ణం పెట్టి ఓళిగలు చేశాం. భోజనాల పందిట్లో ఒకరికొకరు తెలియనివాళ్లు కూడా కొండామె దగ్గర మొదలుపెట్టి కథ చెప్పుకుంటున్నారు, ఒకరు తప్పితే ఇంకొకరు దిద్దుతున్నారు. నేను పోతే ఏం చెప్పుకుంటారా అని లెక్క వేసుకున్నాను. పుచ్చులు లేని టమోటాలు తెచ్చేదని చెప్పుకుంటారు.

బస్సుకు బయలుదేరుతుంటే అక్క కోడలు పాతగుడ్డలో చుట్టిన చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా అత్త నీకియ్యమనింది, సిన్నత్తా. సెంబు నా కాడ వాడుకకే ఉన్నింది, దాందేనని సెప్పు అనింది."

బస్సులో మా ఆయన పక్కన కూర్చున్నాడు. చెంబు నా ఒడిలో ఉంది. ఆయన ఒకసారి దాని సొట్టను వేలితో తడిమి, కిటికీ వైపు తిరిగాడు. పెదవులు కదిలినట్టనిపించింది. బస్సు చప్పుడులో ఏమీ వినిపించలేదు. ఆ పాట ఒకటి నాకు ఇంకా రావలసి ఉంది. అడిగేది ఇక ఆయన్నే.

ఇంటికి వచ్చాక, ఆ గురువారం వదిలేసిన పని ముందుకు వేసుకున్నాను. చింతపండు, ఇటుకపొడి. అన్నిటికంటే చివర ఆ చెంబు తోమాను. మిద్దె మీదికి పట్టుకుపోతే, ఎదురుగా మా ఊరి గట్టు. ఒక్క చెట్టూ లేని బోడిబండలు, వాటి మీద పైటాల ఎండ. నేను చెంబు అడుగును ఎండకు పెట్టి గట్టు వైపు తిప్పాను. ఒకసారి, మళ్లీ ఒకసారి, ఇంకోసారి. వెలుగు పక్కింటి పిట్టగోడ మీద వణికి, అక్కడి నుంచి జారి, ఎండలో కలిసిపోయింది. బండల మీద పసుపుపచ్చగా ఏదీ కదలలేదు. కాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఇత్తడి సామాను తోమడం అయింది. అక్క బాకీ చెల్లు.